ఎర్ర లైటు వెలిగాక 20 కిలోమీటర్లు: ఒక కుటుంబానికి కారు హెచ్చరికలు నేర్పిన కేసు

విజయవాడ ఆటోనగర్‌లో నేను సొంత షెడ్డు పెట్టి 22 ఏళ్లయింది. "హెడ్ పోయింది" (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగం), "ఇంజిన్ పట్టేసింది" అంటూ నా దగ్గరకు వచ్చిన బండ్లలో, ఏ సూచనా లేకుండా ఉన్నట్టుండి పోయినవి చాలా తక్కువ. ముందు ఏదో ఒక లైటు వెలిగే ఉంటుంది. లేదంటే వాసనో చప్పుడో వచ్చే ఉంటుంది. లోపల కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు దాన్ని పట్టుకునే ఉంటారు. అయినా బండి ఆగదు. ఎందుకు ఆగదో నాకు సరిగ్గా తెలిసింది ఈ ఒక్క కేసుతో. ఆ కుటుంబాన్ని అడిగి, వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు, కారు కంపెనీ మాత్రం రాయను.

బండి 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, నాలుగు సిలిండర్లు, 2014 మోడల్. మీటరు మీద 81 వేల కిలోమీటర్లు. కొన్నది ఆ ఇంటి అబ్బాయి. ఆయన ఉద్యోగం పుణెలో, ఇంటికొచ్చేది నెలకో రెండు నెలలకో ఒకసారి. రోజూ నడిపేది ఆయన భార్య. కొడుకు స్కూలు, కూరగాయలు, అత్తగారి షుగరు పరీక్షలు, అన్నీ ఆ అమ్మాయి చేతి మీదే. మామగారు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకు డ్రైవింగ్ రాదు. అత్తగారికీ రాదు.

నాలుగేళ్లుగా సర్వీసు నా దగ్గరే. బండి గురించి ఏది చెప్పాల్సి వచ్చినా పుణెకి ఫోన్ చేసి ఆ అబ్బాయికే చెప్పేవాణ్ని. నడిపే మనిషితో "అమ్మా, బండి రెడీ అయింది" అన్న మాట తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఈ కేసులో నా తప్పు కూడా ఉంది, అది ఇదే.

ఆ రోజు జరిగింది

మే నెల. ద్వారకా తిరుమలలో ఆడపడుచు కొడుకు పుట్టువెంట్రుకలు. పది గంటలకల్లా అక్కడ ఉండాలి. ఇంట్లో బయల్దేరడమే ఆలస్యమైంది. కారులో నలుగురు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఫుల్లు.

గన్నవరం దాటాక ఎర్ర లైటు వెలిగింది. నీళ్లలో నిలబెట్టిన థర్మామీటర్ లాంటి గుర్తు. ఈ కారులో టెంపరేచర్ ముల్లు లేదు. చాలా చిన్న కార్లలో ఉండదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ గుర్తు నీలంగా వెలుగుతుంది, హద్దు మీరి వేడెక్కితే ఎర్రగా వెలుగుతుంది. మధ్యలో ఏం జరుగుతున్నా కనపడదు. కాబట్టి ఎర్రది వెలిగిందంటే ఆలోచించుకోవడానికి టైము లేనట్టే.

అమ్మాయి వెంటనే చెప్పింది. "ఎండకి అలాగే ఉంటుందిలేమ్మా, ఏసీ ఆపు" అన్నారు మాస్టారు. ఆపింది. పిల్లవాడు డ్యాష్‌బోర్డు ఫొటో తీసి వాళ్ల నాన్నకి వాట్సాప్‌లో పంపాడు. ఆయన మీటింగ్‌లో ఉన్నాడు. కొంతసేపటికి లైటు దానంతటదే ఆరిపోయింది. అందరి టెన్షన్ తగ్గింది. వెనక సీట్లోంచి అత్తగారు, "బెల్లప్పాకం మాడుతున్నట్టు వాసన రావట్లే?" అన్నారు. పక్కన చెరుకురసం బండి ఏదో ఉండుంటుందని ఊరుకున్నారు. హనుమాన్ జంక్షన్ దగ్గర పడేసరికి పికప్ పోయింది, బండి వణికింది, వెనక తెల్లటి పొగ, ఇంజిన్ ఆగిపోయింది. లైటు మొదట వెలిగిన చోటు నుంచి అక్కడికి ఇంచుమించు 20 కిలోమీటర్లు.

పుణె నుంచి "వెంటనే ఆపేయండి" అని మెసేజ్ వచ్చేసరికి బండి రోడ్డు పక్కన ఉంది, వీళ్లు చింతచెట్టు కింద ఉన్నారు. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కి ఫోన్ చేయొచ్చని వాళ్లకు తెలియదు. ఎవరినో అడిగి ప్రైవేటు రికవరీ వ్యాన్ మాట్లాడుకునే సరికి మిట్టమధ్యాహ్నం దాటింది.

విప్పి చూస్తే

మర్నాడు పొద్దున, ఇంజిన్ పూర్తిగా చల్లారాక బానెట్ ఎత్తాను. ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, దాని డబ్బా ఖాళీ. ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే లోపలి వైపు పాలు ఎక్కువైన టీ మీద కట్టిన మీగడలా పేరుకుని ఉంది. ఆయిల్‌లో నీళ్లు కలిశాయన్నమాట. కంప్రెషన్ పెట్టాను, అంటే ఒక్కో సిలిండర్ ఎంత ప్రెషర్ కడుతుందో కొలిచాను. ఒకటో సిలిండర్, నాలుగోది 170 పీఎస్ఐ దగ్గర నిలబడ్డాయి. రెండు, మూడు మాత్రం 60 దాటలేదు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే, వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్ కింద అతుకులో ఏదీ లీకవకుండా ఉంచే పల్చటి పొర, కాలిందని అనుకోవచ్చు. విప్పాక అదే కనిపించింది.

స్కానర్ పెడితే పి0302, పి0303 కోడ్లు వచ్చాయి. ఆ రెండు సిలిండర్లలో మిస్‌ఫైర్, అంటే పెట్రోలు సరిగ్గా మండట్లేదని. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో కంప్యూటర్ ఫొటో తీసినట్టు దాచిపెడుతుంది, దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటాం. అందులో స్పీడు 71. కూలెంట్ వేడి 88 డిగ్రీలు. అంటే మామూలే! హెడ్ ఉడికిపోతున్న ఆ నిమిషంలో కంప్యూటర్ దృష్టిలో ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది.

లైటు ఎందుకు ఆరిపోయిందో దీంతో తేలింది. వేడి కొలిచే సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉండాలి. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సార్ ఖాళీ గొట్టంలో మిగిలిపోయి తప్పు లెక్క చెబుతుంది. ఆ ఇంట్లో వాళ్లు లైటు ఆరింది కాబట్టి తగ్గిందనుకున్నారు. నిజానికి కొలవడానికి నీళ్లే లేక అది ఆరింది. వేడి ఎర్ర లైటు వెలిగి, ఏ కారణం లేకుండా ఆరిపోతే ఇంకా భయపడాలి. ఈ మాట నేను అంతకుముందు ఏ కస్టమర్‌కీ చెప్పలేదు. ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

హెడ్ వంగిందేమో చూడ్డానికి దాని మీద స్టీలు బద్ద పెట్టి కింద ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నటి రేకులు) దూర్చాను. మధ్యలో 0.20 మిల్లీమీటర్ల రేకు సులువుగా దూరింది. ఇలాంటి అల్యూమినియం హెడ్‌కి హద్దు 0.05. దాన్ని ఫేసింగ్‌కి, అంటే లేత్‌లో చెక్కి చదును చేయించడానికి, పంపించాం. గ్యాస్కెట్ సెట్టు, హోసులు, ఆయిల్, కూలెంట్, లేబర్ అన్నీ కలిపి 36 వేలయింది. పదకొండు రోజులు పట్టింది.

ఇక కూలెంట్ ఎటు పోయింది? రేడియేటర్ కింది హోసు క్లిప్పు దగ్గర సన్నటి కారుడు. ఒక్క రోజుది కాదు, నెలల తరబడిది. మరి ఇన్ని నెలలు బండి ఎలా నడిచింది అని నాకు అనుమానం వచ్చింది. హోసు లోపల వేలు పెడితే, బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లపొర వేలికి అంటుకుంది. మాస్టారిని అడిగాను. పదిహేను రోజులకోసారి బానెట్ ఎత్తి, డబ్బాలో తగ్గినంత చెంబుతో బోరు నీళ్లు పోస్తున్నానని చెప్పారు. అంబాసిడర్ల కాలంలో రేడియేటర్‌లో నీళ్లు చూసుకోవడం మంచి అలవాటు. ఆయన ఆ అలవాటుతోనే, కోడలికి శ్రమ ఎందుకని, ఎవరికీ చెప్పకుండా చేస్తున్నారు. ఇప్పటి కార్లలో కూలెంట్ బయటికి పోయే దారి లేని వ్యవస్థలో తిరుగుతుంది. తరచూ తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారు ఇచ్చిన మొదటి హెచ్చరిక ఆ డబ్బాలో తగ్గిన మట్టం. మాస్టారి చెంబు దాన్ని పదిహేను రోజులకోసారి చెరిపేసింది. అది ప్రేమతో చేసిన పని. అందుకే ఆయన్ని ఒక్క మాట అనలేదు.

ఆపకపోవడానికి కారణం

హెడ్ లేత్‌కి వెళ్లిన రోజుల్లో అమ్మాయి ఒకసారి షెడ్డుకి వచ్చింది. లైటు అర్థం తెలియలేదా అని అడిగాను.

"తెలుసు అన్నయ్యగారూ. ఎర్రది అంటే ప్రమాదమని ఎవరికి తెలియదు? కానీ అందరూ తొందరలో ఉన్నారు. మావయ్యగారు వద్దన్నాక నడిరోడ్డు ఎండలో ఎలా ఆపను? ఆపాక ఏమీ లేదని తేలితే?"

ఆ ఆఖరి మాట నన్ను వదల్లేదు. నేనైతే గుర్తుల బొమ్మలున్న కాగితం ఒకటి చేతికిచ్చి పంపేద్దామనుకున్నాను. ఆ కాగితం ఈ ప్రశ్నకి జవాబు చెప్పదు. ఆ అమ్మాయికి లైటు గురించి తెలుసు. లేనిది ఆపే అధికారం. పెద్దాయన మాట, ముహూర్తం, భర్త ఫోన్, అనవసరంగా ఆపిందంటారేమోనన్న భయం, ఇవన్నీ బ్రేకు మీద కాలు పడకుండా పట్టుకున్నాయి. కాబట్టి నేర్పాల్సింది ఆమెకొక్కదానికే కాదు, ఇంటిల్లిపాదికీ.

నేర్పిన తీరు

బండి తీసుకెళ్లే రోజు ఆదివారం పెట్టుకున్నాను. పొద్దున్నే ఆటోనగర్ లోపలి రోడ్లు ఖాళీగా ఉంటాయి. పుణె నుంచి అబ్బాయిని కూడా ఆ వారం రమ్మన్నాను. "నాకెందుకు బాబూ, నాకు కారు రాదుగా" అన్నారు అత్తగారు. "పిన్నిగారూ, ఆ రోజు బండిలో అందరికంటే ముందు రోగం పట్టుకున్నది మీరే" అన్నాను. కూలెంట్‌లో గ్లైకాల్ ఉంటుంది. వేడి ఇంజిన్ మీద పడితే తియ్యటి వాసన వస్తుంది. బెల్లప్పాకం అని ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. కొత్త కూలెంట్ సీసా మూత తీసి దూరం నుంచి వాసన చూపించాను. ఒక్కసారి పీల్చి, "ఇదే, ఇదే" అన్నారు. మాస్టారు ఏమీ మాట్లాడలేదు కానీ సీసా తన చేతిలోకి తీసుకున్నారు. ఇంట్లో పిల్లాడున్నాడు కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాను. తియ్యగా ఉన్నా ఇది విషం, అందనంత ఎత్తులో పెట్టాలి.

తర్వాత తాళం ఆన్ చేయించాను, స్టార్ట్ చేయనివ్వలేదు. డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలిగాయి. కొన్ని రెండు మూడు సెకన్లలో ఆరిపోయాయి. నూనె డబ్బా, బ్యాటరీ స్టార్ట్ చేసేదాకా ఉన్నాయి. రోజూ స్టార్ట్ చేసే ముందు ఆ రెండు సెకన్లు చూడమన్నాను. తాళం తిప్పినప్పుడు వెలగాల్సిన ఎర్ర లైటు వెలగకపోయినా అది లోపమే. ఇంజిన్ లైటు కనపడకుండా నల్ల టేపు అంటించిన కారు ఒకటి నా షెడ్డుకొచ్చింది. ఆ బండి ఓనరు దాన్ని రెండేళ్లు అలాగే తిప్పాడు.

అన్ని గుర్తులూ చెప్పలేదు. మూడు ఎర్రవి (నూనె డబ్బా, వేడి, బ్యాటరీ), ఒక పసుపుది (ఇంజిన్). అంతే. ఇరవై చెబితే ఒక్కటీ గుర్తుండదు.

ఎక్కువసేపు పట్టింది నూనె డబ్బా గుర్తు దగ్గర. "ఆయిల్ తగ్గిందని చెబుతుంది, దిగాక పోయించుకుంటే సరి" అని మాస్టారి నమ్మకం. చాలామందిది అదే నమ్మకం. ఆ లైటు ఆయిల్ ఎంతుందో కొలవదు. ప్రెషర్ కొలుస్తుంది. క్రాంకు, అంటే ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు, నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిరుగుతుంటే, దాన్నీ దాన్ని మోసే బేరింగునీ విడదీసి ఉంచేది వెంట్రుక కన్నా పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఆ పొరను నిలబెట్టేది ప్రెషర్. అది దాదాపు పూర్తిగా పడిపోయాకే ఆ లైటు వెలుగుతుంది. అరిగి గీతలు పడ్డ పాత బేరింగు ముక్క ఒకటి ఆయన అరచేతిలో పెట్టాను. గోటితో ఆ గీతల మీద రెండుసార్లు గీరి చూసి, "ఎంతసేపట్లో ఇలా అవుతుంది?" అని అడిగారు. ఒక్కోసారి నిమిషం కూడా పట్టదన్నాను. మలుపులోనో గట్టి బ్రేకులోనో ఆ లైటు మిణుక్కుమని ఆరినా, ఆ పూటే ఆపి, ఆయిల్ మట్టం చూపే గేజి తీసి చూడాలి. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవుండే సంపులో ఆయిల్ పక్కకి ఒరిగి, పంపుకి గాలి అందిందన్నమాట.

పసుపు ఇంజిన్ లైటు సంగతి తొందరగా అయిపోయింది. నిలకడగా వెలిగి, బండి మామూలుగా నడుస్తుంటే మెల్లగా నడుపుకుంటూ రెండు మూడు రోజుల్లో షెడ్డుకి రావచ్చు. ఆరి వెలుగుతుంటే మాత్రం మిస్‌ఫైర్ అన్నమాట, ఆపాలి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, ఆ కన్వర్టర్ ఖరీదు మామూలుగా ఉండదు.

గుర్తుల పేర్లు అమ్మాయినే తన మాటల్లో రాయమన్నాను. కారుతో వచ్చే పుస్తకం ఇంగ్లిషులో ఉంది, ఎవరూ తెరవలేదు. తను ఇలా రాసింది: "ఎర్ర నూనె గిన్నె: అక్కడే ఆపు, తాళం తీసెయ్. ఎర్ర జ్వరం: ఏసీ ఆపు, పక్కకి ఆపు, తాళం తీసెయ్. ఎర్ర పెట్టె: ఆపి బానెట్ చూడు, బెల్టు ఉందా?" పెట్టె అంటే బ్యాటరీ. జ్వరం అన్న మాట నాకు తట్టలేదు. ఇప్పుడు అందరికీ ఆ మాటే చెబుతున్నాను.

వేడి లైటు వెలిగినప్పుడు ఆపే చోటు లేకపోతే, వంతెన మీదో లారీల మధ్యో ఉంటే, హీటర్ ఫుల్లుగా పెట్టి అద్దాలు దించమన్నాను. "మే నెలలో హీటరా?" అని పిల్లవాడు నవ్వాడు. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగుతుంది. కూలెంట్ మిగిలి ఉంటేనే పనిచేస్తుంది, అదీ చోటు దొరికేదాకానే.

ఆపాక రేడియేటర్ మూత తీయొద్దని చెప్పడానికి నా ఎడమ ముంజేయి చూపించాను. పదిహేడేళ్లప్పుడు, పని నేర్చుకునే రోజుల్లో, తొందరపడి గుడ్డ అడ్డం పెట్టి తీశాను. ప్రెషర్‌లో ఉన్న నీళ్లు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. మూత వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరై చిమ్ముతాయి. అప్పుడు పడిన మచ్చ మోచేతి దాకా ఉంది. మాస్టారి మనవడు దాన్ని తాకి చూశాడు.

అద్దంలో చూపు

ఆ తర్వాత రోడ్డెక్కాం. అమ్మాయి నడుపుతోంది, నేను పక్క సీట్లో, మాస్టారు దంపతులు వెనక. నేను చెప్పకుండా ఎప్పుడో "ఎర్ర జ్వరం" అంటాను, తను బండి ఆపాలి. మొదటిసారి అనగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. తీసి, లోపలి అద్దంలోకి చూసింది. వెనకొచ్చే బండి కోసం కాదు. మామగారి మొహం కోసం. ఆ రెండు సెకన్లు అయ్యాకే ఇండికేటర్ వేసింది.

నేనేమీ అనలేదు. అద్దంలో మాస్టారు కూడా ఆ చూపు చూశారు. ఆయన ముప్పై ఏళ్లు పిల్లల మొహాలు చదివిన మనిషి. బండి ఆగాక కాసేపు ఊరుకుని అన్నారు: "అమ్మాయ్, ఆ రోజు కూడా ఇలాగే చూశావా?" తను తల ఊపింది. "ఇక నుంచి నా వైపు చూడకు. నేను వద్దన్నా ఆపు."

ఆ మాట ఆయన నోట రావాల్సిందే. నేను వందసార్లు చెప్పినా, అబ్బాయి పుణె నుంచి చెప్పినా ఆ పని జరిగేది కాదు. నేను దానికి ఇంకొకటి జోడించాను: ముందు ఆపాలి, తర్వాతే ఫోన్. అబ్బాయికైనా, నాకైనా. ఆపాక ఏమీ లేదని తేలితే షెడ్డులో చూసినందుకు రూపాయి తీసుకోనని మాటిచ్చాను. ఏమీ లేదని తేలితే ఎలా అన్న ఆమె భయానికి నా వైపు నుంచి ఇవ్వగలిగిన జవాబు అదే. మూడోసారి అన్నప్పుడు అద్దంలో వెనక రోడ్డే చూసింది. ఇండికేటర్, ఎడమ పక్క, హజార్డ్ లైట్లు, తాళం. అందరూ ఎడమ తలుపుల్లోంచి దిగి రోడ్డుకి దూరంగా నిలబడ్డారు. అత్తగారు కూడా.

మాస్టారికి ఒక బాధ్యత అప్పగించాను. ఆదివారం పొద్దున చల్లటి ఇంజిన్ మీద డబ్బాలో మట్టం చూసి తేదీ వేసి రాయడం. పోయడం లేదు, రాయడమే. రెండు గీతల మధ్య ఉంటే సరి, తగ్గితే నాకు ఫోన్. మొదటి రెండు నెలలు ఆయనకు మనసొప్పలేదు. నా దగ్గర కొన్న కూలెంట్ కొద్దికొద్దిగా పోసి పై గీత దాటించేశారు. అది వేడికి పొంగి కింద కారితే మళ్లీ లీకేజీ అనుకుని పరుగెత్తుకొచ్చారు. పాత అలవాటు మానడానికి టైము పడుతుంది. ఇంకోసారి ఓపిగ్గా చెప్పాను.

ఎనిమిది నెలల తర్వాత

జనవరిలో ఒక సాయంత్రం ఏడింటికి అమ్మాయి ఫోన్. "అన్నయ్యగారూ, పటమట దగ్గర ఆపేశాను. ఎర్ర పెట్టె వెలిగింది. తాళం తీసేశాను. అందరం దిగి ఫుట్‌పాత్ మీద ఉన్నాం." ఇల్లు కానూరులో, అక్కడి నుంచి మూడు కిలోమీటర్లు. బండిలో మాస్టారున్నారు, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో గంట నలిగి వస్తున్నారు. వెళ్లి బానెట్ ఎత్తితే ఆల్టర్నేటర్ బెల్టు తెగి కింద వేలాడుతోంది. ఈ ఇంజిన్‌లో వాటర్ పంపుని తిప్పేది కూడా అదే బెల్టు. బ్యాటరీ లైటే కదా, ఇల్లు చేరదాం అనుకుని ఆ ట్రాఫిక్‌లో నడిపి ఉంటే మళ్లీ హెడ్ దాకా వచ్చేది. బెల్టు, లేబర్ కలిపి పదమూడు వందలయింది.

అయితే నా పాఠంలో ఒక లోపం అక్కడే బయటపడింది. అత్తగారు నాలుగు రోజుల నుంచి చెబుతున్నారట, పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమంటోందని. శనివారం అబ్బాయి వస్తాడుగా, చూస్తాడులే అని ఆగారు. బెల్టు జారుతున్న చప్పుడు అది. నేను లైట్లు నేర్పాను, ఒక వాసన నేర్పాను, చప్పుళ్ల ఊసే ఎత్తలేదు. లైటు వెలిగేదాకా ఆగితే సరిపోతుందని వాళ్లు అనుకోవడానికి నేనే కారణం.

ఆ వారమే మళ్లీ కూర్చోబెట్టాను. పాత బెల్టు, కొత్త బెల్టు పక్కపక్కన పెట్టి పగుళ్లు చూపించాను. షెడ్డులో ఉన్న వేరే బండి స్టార్ట్ చేసి ట్యాపెట్ (వాల్వుల్ని కదిపే భాగం) చప్పుడు ఎలా ఉంటుందో వినిపించాను. ఇప్పుడు ఏ కుటుంబాన్ని కూర్చోబెట్టినా వెనక సీట్లో కూర్చునే వాళ్లతోనే మొదలుపెడుతున్నాను. నడిపేవాళ్ల దృష్టి రోడ్డు మీద ఉంటుంది, ముక్కూ చెవులూ ఖాళీగా ఉండేది వెనకవాళ్లకే.

మాస్టారి నోట్‌బుక్కులో ఇప్పుడు మూడో గడి ఉంది, వాసన, చప్పుడు అని. అత్తగారు చెబుతారు, ఆయన రాస్తారు. పోయిన ఆదివారం అందులో ఉన్నది: "స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు ముందు కుడి వైపు టక్కుమని. రెండుసార్లు." ఫోన్‌లో చదివి వినిపించారు. సోమవారం తీసుకురమ్మన్నాను.